ఫిజీ నిద్ర, గోదావరి మర్యాద

అనంతపురంలో రైలెక్కేటప్పుడు అసలు నా పనేమిటో నాకే సరిగ్గా తెలియదు. నరసాపురం నుంచి సుచరిత ఫోన్ చేసి, "ఒసే, ఫిజీ నుంచి ఆడపిల్లల వాలీబాల్ జట్టు వస్తోందే. రాజమండ్రిలో ఒక ఆట, రావులపాలెంలో ఒకటి, ఈస్టర్ రోజు మా ఊళ్లో మాతో ఒకటి. వాళ్లతో తిరగడానికి ఆట తెలిసిన ఆడమనిషి కావాలి. సెలవు పెట్టి రా," అంది. వ్యాయామ విద్య చదివేటప్పుడు మేమిద్దరం హాస్టల్లో ఒకే గది. ఇప్పుడామె అక్కడ హైస్కూల్లో పీఈటీ, సాయంత్రాలు వాళ్ల లూథరన్ చర్చి ఆడపిల్లల జట్టుకు కోచ్. నేను మా ఊళ్లో ఒక కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మేడాన్ని. మాది నీళ్లను చూసి మురిసిపోయే సీమ. గోదావరైనా చూడొచ్చు కదా అని సరేనన్నాను. తీరా వెళ్లాక నేను చూసింది నీళ్లకంటే నిద్రనే ఎక్కువ.

రాజమండ్రి: తెల్లారకముందు తాడాట

జట్టు బుధవారం మధ్యాహ్నం దిగింది. పదిమంది అమ్మాయిలు, వాళ్ల కోచ్ సలోటే. సలోటే తెల్లబడుతున్న జుట్టును గొడుగులా పెంచుకున్న పొడగరి, మాట తక్కువ మనిషి. కెప్టెన్ పేరు లచ్చిమి. ఈ వైపు నుంచి ఎప్పుడో చెరకు తోటల పనికి వెళ్లిన వాళ్ల మునిమనవరాలు, అక్కడ బ్యాంకులో గుమస్తా. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు కొంచెం కొంచెం వచ్చు.

రాజమండ్రిలో వాళ్లకు ఆతిథ్యం ఇచ్చింది బట్టల కొట్టు నడిపే కుటుంబం. ఆ యజమాని గారు చేతులు కట్టుకుని, "అంత దూరం నుంచి వచ్చారు, ఎంత అలిసిపోయుంటారో! కాసేపు నడుం వాల్చండమ్మా," అని దగ్గరుండి లాడ్జి గదుల కర్టెన్లు మూయించి, ఏసీలు వేయించి, చప్పుడు చేస్తే ఊరుకోనని కుర్రాళ్లను బెదిరించి మరీ వెళ్లారు. అమ్మాయిలు సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా పడుకున్నారు. రాత్రి లేపి భోజనం పెట్టించారు. మళ్లీ పడుకున్నారు. ఇంత మర్యాద మా వైపు పెళ్లికొడుకుకి కూడా జరగదు.

మర్నాడు తెల్లారకముందే వరండాలో టకటకమని చప్పుడు. తలుపు తీస్తే లచ్చిమి తాడాట ఆడుతోంది. కింద వాచ్‌మన్ తలపట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిద్ర అయిపోయింది టీచరమ్మా," అంది లచ్చిమి ఆపకుండానే. "మా ఊళ్లో ఇప్పుడు పదకొండు గంటలు."

అప్పటిదాకా ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. మనకు తెల్లవారుజామున నాలుగున్నరైతే వాళ్లకు పదకొండు. ఆరున్నర గంటలు మనకంటే ముందుంటారు. విమానం మనిషిని ఒక్క రోజులో తెచ్చి దించేస్తుంది గానీ ఒంట్లో ఉన్న గడియారం వెనకాల నడుచుకుంటూ వస్తుందట. రోజుకు గంటో, కాస్త ఎక్కువో సర్దుకుంటుందని సలోటే చెప్పింది.

ఎలాగూ అందరూ లేచే ఉన్నారని గోదావరి గట్టుకు తీసుకెళ్లాను. స్నానాలకు వచ్చినవాళ్లు మూటలు పక్కన పెట్టేసి వీళ్ల ఆట చూస్తూ నిలబడిపోయారు. లచ్చిమి జట్టులో లిఫ్టర్, అంటే స్మాష్ కొట్టేవాళ్లకు బంతిని ఎత్తి అందించే మనిషి. ఆమె వేళ్లను తాకిన బంతి ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతోంది. నా ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో అంత ఒద్దికైన ఆట కళ్లారా చూడలేదు. రాజమండ్రి వాళ్ల పని అయిపోయిందనుకున్నాను.

బండి దగ్గర పెసరట్టు ఉప్మా తింటూ లచ్చిమి అసలు సంగతి చెప్పింది. వాళ్ల సంఘం ఇక్కడికి ఆడవాళ్ల జట్టును పంపించడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ మగవాళ్లే వెళ్తారు. "ఒక్క ఆట గెలవాలి టీచరమ్మా. ఒక్కటి. గెలవకపోతే వచ్చేసారి మళ్లీ మగాళ్లే. మా సంఘం పెద్దాయన చెప్పేశాడు." చెప్తున్నప్పుడు ఆమె అట్టు తుంచుతోంది గానీ తినడంలేదు.

సాయంత్రం ఐదింటికి ఆట అన్నారు. ఐదింటికి నెట్టు కట్టడం మొదలుపెట్టారు. ఆరింటికి ముఖ్య అతిథి బయలుదేరారని మైకులో చెప్పారు. తరవాత అరగంటకోసారి అదే కబురు. "తొందరేముందండి, వస్తారండి," అంటారు అడిగితే. వచ్చాక ఉపన్యాసం, ఒక్కో అమ్మాయికి ఒక్కో శాలువా. ఆట మొదలయ్యేసరికి ఏడున్నర. వాళ్ల ఒంటికి అర్ధరాత్రి రెండు.

పొద్దున గట్టు మీద చూసిన అమ్మాయిలు వీళ్లేనా అనిపించింది. వరసగా మూడు సెట్లు పోయాయి. నాకు ఒకటి విచిత్రంగా తోచింది. సర్వీసు మాత్రం ఏమీ చెడలేదు. బంతి తన చేతిలో ఉండి, తన ఇష్టం వచ్చినప్పుడు కొట్టేది కాబట్టి సర్వీసు నిద్రలోనైనా వస్తోంది. అవతలివాళ్ల బంతి అందుకోవడమే రావడంలేదు. బంతి వచ్చి వెళ్లాక చేతులు వస్తున్నాయి. బ్లాకుకు ఎగిరేసరికి స్మాష్ నేల మీద ఉంటోంది. లచ్చిమి రెండుసార్లు మనిషి లేని చోటికి బంతి ఎత్తింది.

ఆట అయ్యాక యజమాని గారు పరమ బాధగా, "అయ్యో, పిల్లలు ఇంకా అలిసిపోయే ఉన్నారండి. రేపు కూడా పగలంతా పడుకోమనండి," అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ చీకటి గదులే వాళ్లను ఇంకా ఫిజీలో ఉంచుతున్నాయి.

రావులపాలెం దారి: ఏడు మాటలు

మర్నాడు మంచి శుక్రవారం. ఆ రోజు ఆటలుండవు. రావులపాలెం వెళ్లే దారంతా పచ్చగా, తడిగా ఉంది. మా అనంతపురంలో బోరు వేస్తే దుమ్ము వస్తుంది. ఇక్కడ కాలువ గట్టున చెప్పులు విడిస్తే చెప్పుల కింద కూడా నీరు ఊరేట్టుంది. నాకు కొంచెం అసూయ కలిగింది, దాచుకోను.

బస్సులోంచే సుచరితకు ఫోన్ చేశాను. కొత్తగా ఏదన్నా తెలిస్తే ఎవరికో ఒకరికి చెప్పందే నాకు అన్నం సయించదు. ఒంటి గడియారం గురించి, వెలుతురు గురించి, పగటి నిద్ర ఎలా కొంప ముంచుతుందో, వేళ మార్చుకోవాలంటే పెందరాళే ఎలా పడుకోవాలో అంతా ఊదరగొట్టాను. "అందుకే ఆదివారం మీతో ఆట సాయంత్రం కాకుండా పొద్దున పెట్టించవే. పొద్దున వీళ్లు పులులు," అన్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే నీకు?" అని నవ్వింది సుచరిత. మధ్యలో మాత్రం బుద్ధిగా ఊఁ కొట్టింది. రెండు చోట్ల "ఆగాగు, అది మళ్లీ చెప్పు," అని కూడా అంది. ఓ గంటకు తనే చేసింది. "అయ్యగారిని అడిగానే. ఈస్టర్ రోజు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన ఉంటుంది కదా, ఊరంతా లేచే ఉంటుంది. అది అయ్యాక ఏడింటికి ఆట పెట్టుకోమన్నారు." అయ్యగారంటే వాళ్ల పాస్టరు గారు. ఇంత సులువుగా ఒప్పుకుంటారని అనుకోలేదు. ఫోన్ పెట్టేసి నా తెలివికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం రావులపాలెంలో చిన్న బాప్టిస్టు చర్చికి వెళ్తామని ఫిజీ అమ్మాయిలే అడిగారు. వాళ్లలో చాలామంది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాళ్లు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగాలు, పన్నెండు నుంచి మూడింటి దాకా. నాకిదంతా కొత్త, చెవులు రిక్కించి విన్నాను. నాలుగో మాటకు వచ్చేసరికి మా జట్టు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి నిద్ర. సలోటే గుర్రు కూడా పెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ లేపబోతుంటే వెనకనుంచి ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"పడుకోనీండమ్మా. ప్రభువు కూడా అలిసిపోయిన రోజే కదండీ ఇది," అంది. తరవాతి మూడు మాటలూ ఆవిడ తాటాకు విసనకర్రతో వాళ్లకు విసురుతూనే విన్నది.

రావులపాలెం: అరటి గెలల మధ్య

ఇక్కడ ఆతిథ్యం అరటి వ్యాపారి వెంకటరత్నం గారిది. శనివారం ఆయనింట్లో భోజనానికి కూర్చున్నాక నాకు ఒక భాషాభేదం తెలిసొచ్చింది. మా ఊళ్లో "చాలు" అంటే వడ్డించేవాళ్లు ఆగుతారు. ఇక్కడ "చాలు" అంటే ఇంకో గరిటె అని. పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు, వాటి మీద పూతరేకులు. "ఏంటండీ, పిల్లలు ఏమీ తినలేదు!" అని ఆయన భార్య బాధ. తినడం అయ్యాక మళ్లీ కర్టెన్లు మూసిన గదులు తయారు.

ఈసారి నేను అడ్డం తిరిగాను. "పడుకోరు. ఎండలో తిరుగుతారు," అన్నాను.

వెంకటరత్నం గారి మొహం చిన్నబోయింది. "ఆడపిల్లల్ని ఇంత ఎండలో తిప్పుతారేంటండీ? మా ఇంటికొచ్చి పడుకోకుండా వెళ్లారంటే నలుగురూ ఏమనుకుంటారండి?"

ఆ మాట నిజంగా నొచ్చుకునే అన్నారు. ఆయన్ని బాధపెట్టినందుకు నాకూ బాధేసింది. అయినా లొంగలేదు. చివరికి ఆయనే గొడుగు పట్టుకుని మమ్మల్ని అరటి మార్కెట్టుకు తీసుకెళ్లారు. సైకిళ్ల మీద నాలుగేసి గెలలు వేలాడేసుకుని వచ్చే రైతులు, నేలంతా పరుచుకున్న ఆకుపచ్చ. చక్కెరకేళీ, కర్పూరం, అమృతపాణి, బొంత అని ఆయన చూపిస్తుంటే అమ్మాయిలు వాళ్ల దీవుల పేర్లతో వాటిని గుర్తుపట్టడం మొదలుపెట్టారు. అనంతపురంలో నేను డజను ఎంతకు కొంటానో చెప్తే వెంకటరత్నం గారు నన్ను జాలిగా చూసి, ఒక చక్కెరకేళీ గెల బస్సులో పెట్టించారు. డబ్బు మాటెత్తితే వినిపించుకోలేదు.

ఆ ఎండ కొంత పనిచేసింది. ఆట సాయంత్రం నాలుగన్నది ఐదున్నరకు మొదలైంది. మొదటి సెట్టు మావాళ్లు గెలిచారు. నేను వయసు మరిచి ఎగిరాను. చీకటి పడి లైట్లు వేశాక ఒక్కొక్కరి కళ్లూ బరువెక్కాయి. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నిద్ర వాలీబాల్ కూడా ఎరుగదు. తరవాతి మూడు సెట్లూ పోయాయి.

ఇంక మిగిలింది ఒక్క ఆట.

నరసాపురం: లచ్చిమి పట్టు

ఆ రాత్రే నరసాపురం చేరాం. మా బస ఒక లేసు అల్లే వాళ్లింటి మేడ మీద. ఇంటావిడ కొక్కెపు సూది ఆడిస్తూనే మమ్మల్ని పలకరించింది, సూది ఆడిస్తూనే చేపల పులుసు వడ్డించమని కోడలికి చెప్పింది. మాటల మధ్యలో, "ఈ రాత్రి మా చర్చి ఆడపిల్లలకు కంటి మీద కునుకుండదండి," అంది. ఈస్టర్ ముందు రాత్రంతా వాళ్లు సమాధులకు సున్నం వేసి, పూలు కట్టి, కొవ్వొత్తులు నిలబెట్టి, పాటలు పాడుకుంటూ తెల్లవారేదాకా మేలుకునే ఉంటారట. ఏటా అంతేనట.

లచ్చిమి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "వాళ్లేనా రేపు మాతో ఆడేది?"

"వాళ్లేనమ్మా."

మేడ మెట్ల మీద నన్ను ఆపింది. "టీచరమ్మా, నిద్ర లేని వాళ్ల మీద గెలిస్తే అది గెలుపా? నిద్ర లేకుండా ఆడితే ఎట్లా ఉంటదో నాకు తెలుసు కదా. ఆట సాయంత్రానికే మార్పించు."

"సాయంత్రమైతే మీరు ఓడిపోతారు."

"ఓడిపోతాం," అంది. అని కళ్లు తుడుచుకుంది. సలోటేకి చెప్తే ఆవిడ మాత్రం ససేమిరా అంది. రెండు ఆటల్లో తన పిల్లల నిద్రను ఎవరూ లెక్కచేయలేదు, ఇప్పుడు తను ఎవరి నిద్రనూ లెక్కచేయనంది. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. సుచరితకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. అప్పటికి ఇంకా పది కూడా కాలేదు, ఎందుకు కట్టేసిందో నాకు అంతుపట్టలేదు.

సమాధుల తోట

చీకటి ఉండగానే ఊరు కదిలింది. తెల్లచీరల ఆడవాళ్లు, ఇస్త్రీ చొక్కాల రైతుకూలీలు, టీచర్లు, పసిపిల్లలు, చేతుల్లో కొవ్వొత్తులు. సమాధుల దగ్గర ఏడుపులు ఉంటాయనుకుని వెళ్లాను. పాటలున్నాయి, తబలా ఉంది, తూర్పు ఎరుపెక్కగానే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుని నవ్వుకోవడం ఉంది. మా అమ్మను పూడ్చిన చోటికి నేను వెళ్లి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకున్నాను.

లచ్చిమి మాత్రం సుచరిత పిల్లల మొహాలు వెతుకుతోంది. పాటల బృందంలో ముందు వరసలో నిలబడ్డారు. ఒక్కరి కళ్లూ ఎర్రగా లేవు. ఒక్క ఆవులింత లేదు. చేతులకు సున్నం మరకలు కూడా లేవు. మరకలన్నీ వెనక వరస మగపిల్లలకున్నాయి, నిలబడే తూగుతున్నారు.

ఆరాధన అవగానే సుచరితను పట్టుకున్నాను. "ఏమ్మే, మీ పిల్లలు రాత్రి మేలుకోలేదా?"

"ఎందుకు మేలుకుంటారే? శుక్రవారం నుంచి ఏడింటికల్లా మా ఇంట్లోనే అందర్నీ చాపలేసి పడుకోబెడుతున్నా. ఫోన్లు లాక్కున్నా, నాది కూడా కట్టేశా. మూడింటికి లేపి ఆడిస్తున్నా," అంది. "సున్నం ఈసారి మగపిల్లల చేత వేయించమని అయ్యగారి కాళ్లావేళ్లా పడ్డా. వాళ్ల అమ్మలంతా నన్ను తిట్టారు. పొద్దునే ఆడదామన్నది నువ్వు, దానికి ఎలా పడుకోవాలో చెప్పింది నువ్వు. ఇంత తెలిసీ చేతులు కట్టుకుని ఓడిపోతాననుకున్నావా?"

నా జట్టు గుట్టంతా బస్సులో కూర్చుని ఎదుటి కోచ్‌కు నేనే పాఠం చెప్పాను. లచ్చిమికి ఇంగ్లీషులో వివరించాను. కోప్పడుతుందనుకుంటే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని పడీపడీ నవ్వింది. రాత్రి నుంచి ఆమె మొహం మీద ఉన్న బరువంతా దిగిపోయింది.

ఏడింటి ఆట

చర్చి పక్క మైదానంలో నెట్టు కట్టేసి ఉంది. ముఖ్య అతిథి గారు ఇంకా నిద్ర లేవలేదు కాబట్టి ఆట ఏడింటికే మొదలైంది. సమాధుల తోట నుంచి వచ్చిన జనమంతా ఇడ్లీ పొట్లాలతో చుట్టూ కూర్చున్నారు.

గోదావరి గట్టు మీద చూసిన జట్టు మళ్లీ కనిపించింది. లచ్చిమి వేళ్లకు ప్రాణమొచ్చింది. కానీ సుచరిత పిల్లలూ తక్కువ తినలేదు, నేల మీద పడుతున్న బంతిని కూడా బతికిస్తున్నారు. చెరి రెండు సెట్లు అయ్యాయి. ఐదో సెట్టులో నేను చూడలేక ఒకసారి కళ్లు మూసుకున్నాను. పదమూడు దగ్గర ఇద్దరూ సమానం. లచ్చిమి స్మాష్‌కు ఎత్తుతున్నట్టు ఎగిరి, రెండు వేళ్లతో బంతిని నెట్టు మీదుగా నెమ్మదిగా వదిలింది. అవతల ముగ్గురు దాని మీదికి దూకారు, అందలేదు. తరవాత మా సర్వీసును అందుకోబోయి వాళ్లు బయటికి కొట్టారు. పదిహేను, ఆట మావాళ్లది.

ఫిజీ పిల్లలు మట్టిలో కుప్పగా పడి ఏడ్చారు. సలోటే ఒక్కతే నిలబడి, మోకాళ్లు పట్టుకుని దేవుడికేదో చెప్పుకుంది. అటువైపు సుచరిత పిల్లలు కూడా ఏడ్చారు. ఊరందరి ముందు, పండగ పూట ఓడిపోయారు మరి.

లచ్చిమి వాళ్ల సంఘం పెద్దాయన అప్పలసామి గారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. ఆయనకు తెలుగు బాగా వచ్చు. గెలిచామని చెప్పింది.

"ఈస్టర్ పొద్దున ఆట పెట్టారా? నాకు తెలీదా మనోళ్ల సంగతి? రాత్రంతా పాటలు పాడి ఉంటారు. నిద్రమొహాల మీద గెలిచి గెలిచామంటారా?" అన్నాడు.

లచ్చిమి తెలుగు మాటల కోసం వెతుక్కుంటోంది. పక్కనే నెట్టు విప్పుతున్న సుచరిత తాడు కింద పడేసి వచ్చి ఫోన్ తీసుకుంది. ఆమె కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నమస్కారమండి. ఓడిపోయిన జట్టు కోచ్‌నండి నేను," అంది. "మా పిల్లల్ని రెండ్రోజుల నుంచి కోళ్లతో పాటు పడుకోబెట్టానండి. పండగ పని ముట్టుకోనివ్వలేదండి. వాళ్ల అమ్మల చేత మాటలు పడ్డానండి. ఓడిపోతే చెప్పుకోవడానికి ఒక్క వంక కూడా మిగుల్చుకోలేదండి నేను. అయినా ఓడిపోయాం. మీవాళ్లు మాకంటే బాగా ఆడారండి."



"అయితే వచ్చేసారి కూడా వీళ్లనే పంపాలంటావా తల్లీ?" అన్నాడు పెద్దాయన.

సుచరిత పైట కొంగుతో మొహం తుడుచుకుని తన పిల్లల వైపు చూసింది, తరవాత లచ్చిమి వైపు చూసింది.

"వీళ్లనే పంపండి," అంది. "ఇంకెవరొచ్చినా మేం ఆడమండి."